రక్తపోటు చీటీ

కుర్చీ అంచున కూర్చుంది స్తెఫానియా గారు,
ఒళ్ళో దుప్పటి.
మెరినో గొర్రె ఉన్ని అన్నారట. లోపల అయస్కాంతాలు కుట్టామన్నారట.
నడుం నొప్పికి, చక్కెర జబ్బుకి, నిద్ర పట్టని రాత్రులకి
అన్నిటికీ అదే మందట.

సువాల్కిలో ఫిబ్రవరి. హీటరు దగ్గుతోంది.
జిల్లా వినియోగదారుల ప్రతినిధిని నేను.
అంటే ఒక బల్ల, ఒక స్టాంపు, గోడ మీద చెమ్మ మరక,
మంగళ, గురువారాలు తొమ్మిది నుంచి మూడు దాకా.

"ఫోన్ చేశారమ్మా. ఎంత మర్యాదైన గొంతో!
ఉచితంగా ఆరోగ్య పరీక్ష,
వచ్చినవాళ్ళందరికీ ఓ స్టీలు గిన్నె, అదీ ఉచితమే."

కొసరు చూపించి అసలు కొట్టేయడం పాత విద్యే.
బస్సు పంపారు. హోటలు హాల్లో టీ, గసగసాల కేకు ముక్క.
తెల్లకోటు అమ్మాయి వరసగా అందరి చేతికీ పట్టీ చుట్టింది.
పట్టీ బిగిసింది, వదిలింది,
యంత్రం నాలుకలా చీటీ చాపింది.
అమ్మాయి అంకె చూసి పెదవి విరిచింది.
ఆ విరుపు ఖరీదు ఆరువేల నాలుగు వందల జ్లోతీలు.
ముప్పై ఆరు వాయిదాలు.
ఆవిడ పింఛను పదహారు వందలు.

"సంతకం పెట్టకుండా లేచి రావచ్చుగా?"
అడగకూడని ప్రశ్న. అడిగాను.

దుప్పటి కుచ్చులు దువ్వుతూ చాలాసేపు ఊరుకుంది.
"బస్సు వాళ్ళది కదా" అంది.
ఆగి, ఇంకొంచెం మెల్లగా,
"ఆ కుర్రాడు నన్ను స్తెఫ్చా అన్నాడు.
మా ఆయన పోయాక ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు."

ఆ రోజుల్లో చట్టం పద్నాలుగు రోజులిచ్చేది,
కారణం చెప్పకుండా వెనక్కి తగ్గడానికి.
మోసపోయానని ఒప్పుకోనక్కర్లేదు,
ఎందుకు కొన్నానో చెప్పనక్కర్లేదు.
చట్టంలో నాకు నచ్చిన వాక్యం అదొక్కటే,
మనిషిని సిగ్గుపడకుండా ఇంటికి పంపే వాక్యం.

ఒప్పందం తిప్పాను. వెనక పేజీలో బూడిదరంగు చీమలబారు.
అడుగున తేదీ: జనవరి తొమ్మిది.
"అప్పుడు కాదమ్మా, మొన్న ముప్పైన. మంగళవారం.
అడిగితే, అది కంప్యూటరు కోసం, పట్టించుకోకండి అన్నాడు."

తూకం రాళ్ళు అరగదీసే కాలం పోయింది.
ఇప్పుడు రోజుల్నే అరగదీస్తారు.
పుట్టకముందే గడువు చచ్చిపోయిన కాగితం అది,
కింద ఆవిడ సంతకం, స్కూలు పిల్ల రాతలా గుండ్రంగా.

ముప్పయ్యో తారీఖున అక్కడున్నట్టు రుజువు?
బస్సుకి టిక్కెట్టు లేదు. కేకుకి బిల్లు లేదు.
ఉచితమైనవాటికి గుర్తులుండవు,
వాటి సౌలభ్యమే అది.

ఆవిడ సంచి బల్ల మీద గుమ్మరించింది.
కళ్ళజోడు, దగ్గు బిళ్ళలు, ఒంటి చేతితొడుగు,
మందుల షాపు రసీదులో మడిచి పెట్టిన వేలెడు కాగితం.
"ఇది మా డాక్టరుకి చూపిద్దామని దాచాను."

ముప్పై, సున్నా ఒకటి.
పదకొండు గంటల నలభై రెండు.
నూట అరవై నాలుగు బై తొంభై రెండు. నాడి ఎనభై ఎనిమిది.

వాళ్ళ యంత్రమే. వాళ్ళు వేసిన ఎర కొసనే.
దానికి అబద్ధం నేర్పడం మర్చిపోయారు.

నేను టైపు చేశాను. ఆవిడ మళ్ళీ గుండ్రంగా సంతకం చేసింది.
రిజిస్టర్డ్ పోస్టు, ఈరోజే, పోస్టాఫీసు ముద్ర పడాలి,
రసీదు పారేయొద్దు, ఆ కుర్రాడు ఫోన్ చేస్తే మాట్లాడొద్దు.
చివరి మాట దగ్గర తల ఊపలేదు.

"గిన్నె కూడా ఇచ్చేయాలా? బఠాణీలు నానబెట్టాను."
పుస్తకం తీసి వెతికాను, నిజంగానే నాకు తెలియదు.
ఉడికాక కడిగి ఉంచండి అన్నాను.

తలుపు దాకా వెళ్ళి ఆగింది.
బయట బెంచీ మీద మరో ఇద్దరు,
ఒళ్ళో అదే ఉన్ని.

"అమ్మా, ఆ నూట అరవై నాలుగు...
అదైనా నిజమేనా?"